‘సైక్లింగ్’కు ట్రాకు, సైకిలుకు దారి: రహదారి చర్చలో భాష, వర్గం

వ్యాససంగ్రహం:
తెలుగు నగరాలలో సైకిలు బాటల గురించి జరుగుతున్న చర్చ ఆరోగ్యం, పర్యావరణం అనే రెండు అంశాల చుట్టూ తిరుగుతోంది. బతుకుతెరువు కోసం సైకిలు తొక్కే మనిషి అందులో కనిపించడు. ఈ లోపానికి ఒక మూలం చర్చ నడిచే భాషలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన నిర్మించిన సైకిల్ ట్రాకు, తిరుపతిలోని అలిపిరి నడకదారి, శ్రీనివాస సేతు, సూళ్ళూరుపేట–శ్రీహరికోట రోడ్డు ఇందులో పరిశీలనకు వస్తాయి. ‘కాశీయాత్ర చరిత్ర’, ‘ప్రళయకావేరి కథలు’ ఈ పరిశీలనకు సాహిత్య ఆధారాలు.

కీలకపదాలు: సైకిలు, నడక, రహదారి, ఏనుగుల వీరాస్వామి, ప్రళయకావేరి, తిరుపతి, శ్రీహరికోట

1. రెండు మాటలు

‘ఆయన వాకింగుకు వెళ్ళారు’ అన్నప్పుడు తెలుగు శ్రోతకు ఒక బొమ్మ కనిపిస్తుంది. ‘ఆయన నడిచి వెళ్ళారు’ అన్నప్పుడు కనిపించే బొమ్మ వేరు. మొదటి వాక్యంలోని మనిషికి ఇంటి ముందు వాహనం ఉంది, వైద్యుడి సలహా ఉంది, కాళ్ళకు బూట్లున్నాయి. గంట తరువాత బయలుదేరిన చోటికే తిరిగి వస్తాడు. రెండవ వాక్యంలోని మనిషికి బస్సు తప్పిపోయి ఉండాలి, లేదా చేతిలో డబ్బు లేకపోయి ఉండాలి. ఆయన ఎక్కడికో చేరవలసి ఉంది. క్రియ ఒక్కటే, కాళ్ళు చేసే పని ఒక్కటే. ఆంగ్లం నుంచి వచ్చిన మాట వ్యాయామాన్నీ, తెలుగు మాట అవసరాన్నీ చెరొకటి పంచుకున్నాయి.

‘సైక్లింగ్’, ‘సైకిలు తొక్కడం’ అనే జంట కూడా ఇలాంటిదే. సైక్లింగుకు తలటోపీ, ప్రత్యేకమైన దుస్తులు, ఆదివారం ఉదయం ఉంటాయి. సైకిలు తొక్కడానికి పాలక్యాను, చేపలబుట్ట, తాపీపని సంచి, బడిపుస్తకాలు ఉంటాయి. సైక్లింగ్ చేసే వ్యక్తిని పత్రికలు ‘సైక్లిస్టు’ అంటాయి. సైకిలు తొక్కే మనిషికి అలాంటి పేరేదీ లేదు. ప్రమాదవార్తలో మాత్రం ‘సైకిలుపై వెళ్తున్న వ్యక్తి’ అవుతాడు.

ఇంకో ముచ్చట. ‘ద్విచక్రవాహనం’ అనే సంస్కృత సమాసం అక్షరాలా సైకిలుకే చెందాలి. రెండు చక్రాల బండిగా తెలుగు ఊళ్ళకు ముందు వచ్చింది అదే. నేటి పత్రికాభాషలో ద్విచక్రవాహనం అంటే మోటారు సైకిలు, స్కూటరు మాత్రమే. రాయలసీమ వాడుకలో ఒకప్పుడు ఎద్దులబండికి చెల్లిన ‘బండి’ అనే మాటను కూడా మోటారు సైకిలే సొంతం చేసుకుంది. ఇక పత్రిక శీర్షికలో ‘సైకిల్’ అని కనిపిస్తే చాలాసార్లు అది వాహనమే కాదు, ఒక రాజకీయపక్షం ఎన్నికల గుర్తు. ఇంతగా వినిపించే మాట రవాణా ప్రణాళికల చర్చలో మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

ఈ పదభేదం భాషాశాస్త్ర విద్యార్థికి ఒక చిన్న వినోదంగా మిగిలిపోయేదే. కానీ కోట్ల రూపాయల నిర్మాణాలు ఏ పేరుతో పుడితే ఆ పేరు అర్థానికే కట్టుబడుతున్నాయి. అందువల్ల ఇది సాహిత్య విమర్శకులు కూడా పట్టించుకోవలసిన విషయమైంది.

2. ‘హెల్త్‌వే’ అనే నామకరణం

తెలుగు ప్రాంతాలలో సైకిలు కోసం జరిగిన నిర్మాణాలలో పెద్దగా ప్రచారం పొందినది హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కనున్న సౌరఫలకాల కప్పు గల ట్రాకు. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ ట్రాకు మొత్తం పొడవు 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు సాగుతుంది. వెడల్పు 4.5 మీటర్లు. కప్పు మీది ఫలకాల విద్యుదుత్పత్తి సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో ఉన్న సౌర సైకిలు మార్గం దీనికి ప్రేరణ. దీనికి పెట్టిన పేరు ‘హెల్త్‌వే’.

నిర్మాణంగా చూస్తే ఇందులో మెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి. మోటారు వాహనాల నుంచి పూర్తిగా వేరుచేసిన బాట, రాత్రి దీపాలు, ఎండకూ వానకూ కప్పు, ఆ కప్పు ద్వారా విద్యుత్తు. ఈ దేశపు ఎండలో సైకిలు సాధ్యం కాదనే వాదానికి ఇంతకంటె గట్టి జవాబు కాగితం మీద రాయడం కష్టం. కూలికి వెళ్ళే మనిషి సైకిలు బాట నుంచి కోరుకునేవి కూడా సరిగ్గా ఇవే.

చిక్కంతా ఆ పేరులో ఉంది. ‘వే’ అంటే దారి. దారికి ఒక ఊరు మొదట, మరొక ఊరు చివర ఉండాలి. ఇక్కడ చివరన ఉన్నది ఊరు కాదు, ‘హెల్త్’. ఇంటి నుంచి ఈ ట్రాకు దాకా రావడానికి సైకిలుకు ప్రత్యేకమైన బాట లేదు. కనుక మిగిలిన మార్గం మోటారు వాహనమే. పార్కింగు, తినుబండారాల కొట్లు, అద్దె సైకిళ్ళు ఈ నిర్మాణంలో భాగం కావడానికి కారణం అదే. సొంత సైకిలు మీద వచ్చే మనిషికి అద్దె సైకిలుతో పనిలేదు. ‘ట్రాకు’ అనే మాట సైతం పరుగుపందెపు మైదానం నుంచి వచ్చిందే. ట్రాకు మీద తిరుగుతారు, దారి మీద వెళతారు.

ఈ ట్రాకు ఉన్నది ఆకాశహర్మ్యాలు లేస్తున్న ప్రాంతంలో. వాటిని కడుతున్న వలసకూలీలు పక్కనే ఉంటారు. ప్రాంగణాల కాపలా, వంట, పారిశుద్ధ్యం పనులకు రోజూ వచ్చిపోయేవారు వేలల్లో ఉంటారు. ట్రాకును వారు వాడకూడదని ఏ నిబంధనా చెప్పదు. వారిని ఉద్దేశించిన మాట ఒక్కటి కూడా దాని పేరులో లేదు, అంతే. వారి బసలను, పనిస్థలాలను కలుపుతూ నాలుగు చిన్న బాటలు ట్రాకుకు చేర్చి ఉంటే అదే నిర్మాణం దారి అయ్యేది. ఇందుకు అడ్డుపడింది ఖర్చు కాదనే చెప్పాలి. ఆ మనిషిని ‘సైక్లిస్టు’ అనే మాట కిందకు తీసుకురాలేకపోవడమే అసలు అడ్డంకి.

3. వీరాస్వామి కొలబద్ద

దారిని ఎలా చూడాలి అన్న ప్రశ్నకు తెలుగు వచనంలో దాదాపు రెండు వందల ఏళ్ళ నాటి సమాధానం ఒకటుంది. చెన్నపట్నం సుప్రీంకోర్టు ఉద్యోగి ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదుల మీదుగా కాశీకి వెళ్ళి, తీరమార్గంలో తిరిగివచ్చి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆ పదిహేను నెలల దినచర్యే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’. తొలి తెలుగు యాత్రాగ్రంథంగా, సామాజిక చరిత్రకు ఆకరంగా దానిని పరిశోధకులు విస్తారంగా చర్చించారు. దారి విమర్శగా చదివినవారు తక్కువ.

వీరాస్వామి మజిలీ మజిలీకీ దూరాన్ని ఆమడలలో చెబుతాడు. నేల ఇసుకా, రాతిదా, బురదా అన్నది రాస్తాడు. నీళ్ళున్నాయా, చెట్లున్నాయా, దిగడానికి చోటుందా, సరుకులు దొరుకుతాయా అన్నది నమోదు చేస్తాడు. నిజానికి ఆయన నడవలేదు, పల్లకీలో కూర్చున్నాడు. నడిచినవారు బోయీలు, పరివారం. అయినా వర్ణన మాత్రం అరికాలి నుంచే సాగుతుంది. కారణం సులభం. బోయీ కాలు జారితే పల్లకీ ఒరుగుతుంది. కూర్చున్నవాడి క్షేమం నడిచేవాడి పాదం మీద ఆధారపడినంత కాలం, కూర్చున్నవాడు కూడా దారిని పాదంతోనే కొలిచాడు.

మోటారు వచ్చాక ఆ బంధం తెగింది. దారిని కొలిచేవారికి నేల కనబడటం మానేసింది, వేగం కనబడుతున్నది. ‘రహదారి’ అనే మాట ప్రస్థానం కూడా ఇక్కడ ఆలోచించదగినదే. పారశీకంలోని ‘రాహ్‌దారీ’ మార్గసుంకాన్ని, ప్రయాణానికిచ్చే అనుమతిని సూచించిన మాట. దారిన పోవడానికి ఒకరి అనుమతి కావాలన్న భావం నుంచి, అందరూ పోయే పెద్దదారి అన్న అర్థానికి తెలుగులో అది విస్తరించింది. మోటారు సైకిలుకు కూడా ప్రవేశం లేని బాహ్యవలయ రహదారుల కాలంలో ఆ మాట పాత అర్థానికి తిరిగి చేరువవుతోంది.

నేల, నీడ, నీరు, దిగడానికి చోటు: ఈ నాలుగింటినీ కొలబద్దగా తీసుకుంటే హెల్త్‌వే నెగ్గుతుంది. ‘ఎక్కడి నుంచి ఎక్కడికి’ అన్న ఐదవ ప్రశ్న దగ్గర ఓడిపోతుంది. వీరాస్వామి ఆ ప్రశ్నను విడిగా అడగలేదు. గమ్యం లేని దారి ఒకటి ఉంటుందని ఆయన కాలంలో ఎవరూ ఊహించి ఉండరు.

4. కొండ మీద నడక, కొండ కింద నడక

వీరాస్వామి దాటివెళ్ళిన తిరుపతిలోనే నడకకు కప్పు వేసిన దారి ఒకటి ఉంది. హైదరాబాదు ట్రాకు కన్నా ఎంతో పాతది, ఎంతో ఎక్కువమంది వాడేది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎండవానలకు పైకప్పు, తాగునీరు, మరుగుదొడ్లు ఉన్నాయి. నడిచేవారి సామాను కింద తీసుకుని పైన ఉచితంగా అప్పగించే ఏర్పాటు ఉంది. తిరుమలకు మొదటి ఘాట్‌రోడ్డు 1944లో, రెండవది 1974లో వచ్చాయి. రెండు మోటారు దారులు పుట్టిన తరువాత కూడా మెట్లదారి మూతపడలేదు. పైగా ఎప్పటికప్పుడు బాగుపడింది.

ఇది రవాణా ప్రణాళికలలో ఎవరూ ఉదహరించని విజయం. మోటారు మార్గమూ కాలిమార్గమూ ఒకదానికొకటి పోటీ కానక్కరలేదని, వేటికవి వేరుగా ఉంటే రెండూ నిండుగా నడుస్తాయని అలిపిరి రోజూ నిరూపిస్తోంది. డెన్మార్కు దాకా వెళ్ళి చూసివచ్చే బృందాలు అలిపిరి దగ్గర ఆగి చూసినట్లు కనిపించదు.

ఇక్కడ ఇది ఎందుకు సాధ్యమైంది? మళ్ళీ భాష వైపే చూడాలి. దేవస్థానం వ్యవహారంలో మెట్లెక్కే మనిషికి ‘నడకదారి భక్తుడు’ అని పేరు. ఆ పేరులో గౌరవం ఉంది, మొక్కు ఉంది, శ్రమకు పుణ్యపు విలువ ఉంది. అదే మనిషి దర్శనం ముగించుకుని కొండ దిగి, తిరుపతి బస్టాండు ఎదుట రోడ్డు దాటబోతే ‘పాదచారి’ అవుతాడు. పాదచారి అన్న మాట ఎక్కువగా వినబడేది ప్రమాదాల గణాంకాలలో. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. ఐదుగురిలో ఇంచుమించు ఒకరు.

తిరుపతిలో శ్రీనివాస సేతు నిర్మాణాన్ని ఈ నేపథ్యంలో చూడవలసి ఉంటుంది. 2019లో పనులు మొదలై, 2023 సెప్టెంబరులో పూర్తిగా ప్రారంభమైన ఈ వంతెన మొదట అనుకున్న పేరు ‘గరుడ వారధి’. నగరంలోని రద్దీలో చిక్కుకోకుండా యాత్రికుల వాహనాలను కొండ వైపు చేర్చడం దీని ఉద్దేశం. ఆ ఉద్దేశం చాలామేరకు నెరవేరింది. దానిని తక్కువ చేయనక్కరలేదు, పండుగరోజుల తిరుపతిని చూసినవారెవరూ తక్కువ చేయరు. గమనించవలసింది పేరునే. గరుడుడు ఎగురుతాడు, సేతువు సముద్రాన్ని దాటిస్తుంది. రెండు పేర్లలోనూ దాటవలసిన అడ్డంకి ఒకటి కింద ఉంది. ఇక్కడ కింద ఉన్న ఆ సముద్రం తిరుపతి ఊరు: దుకాణాలు, విద్యార్థులు, పూలబుట్టల సైకిళ్ళు. పురాణ ప్రతీక నిర్మాణానికి పవిత్రతను ఇవ్వగలిగింది. ఆ ప్రతీకలో కింద ఉన్నవారికి పాత్ర లేకపోయింది.

5. శ్రీహరికోట రోడ్డు

నగరపు రద్దీ, పుణ్యక్షేత్రం రెండూ లేని చోట ప్రాధాన్యాలు ఎలా నిర్ణయమవుతాయో చూడటానికి ఇదే జిల్లా తూర్పు అంచుకు వెళ్ళాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరిన సూళ్ళూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోటకు రోడ్డు పోతుంది. శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి 1969లో ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 తొలిసారి ఎగిరింది. ద్వీపానికి పడమట సరస్సు, తూర్పున బంగాళాఖాతం. భారీ పరికరాలు చేరాలంటే నీటికి అడ్డంగా గట్టి కట్ట మీద రోడ్డు తప్పదు. అంతరిక్ష కేంద్రం ప్రయోజనం ముందు ఈ ప్రాధాన్యాన్ని ప్రశ్నించేవారు తక్కువ, ప్రశ్నించడం తేలిక కూడా కాదు.

అయితే ఆ కట్ట సరస్సును రెండుగా విడదీసిందని, ఉత్తరభాగానికి నీటి రాకపోకలు తగ్గాయని పర్యావరణ పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. పులికాట్‌కు ఆ ప్రాంతపు తెలుగుపేరు ‘ప్రళయకావేరి’. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ అక్కడి దీవుల జీవితాన్ని ఒక పిల్లవాడి కళ్ళతో, ఆ నేల మాటతోనే చెప్పిన సంపుటి. ఆ కథలను మాండలిక సౌందర్యం కోసం, పోయిన బాల్యం కోసం చదవడం అలవాటయింది. ఒక రవాణావ్యవస్థ జ్ఞాపకంగా కూడా వాటిని చదవవచ్చు. అందులో నీరు ఊళ్ళను విడదీసే అడ్డంకిగా ఉండదు. తిండి పెట్టేదీ, ఊరికీ ఊరికీ మధ్య నడిపించేదీ అదే. కట్ట మీది రోడ్డు దృష్టిలో అదే నీరు దాటవలసిన ఖాళీ. ఒకే సరస్సు రెండు భాషలలో రెండు వస్తువులయింది.

సైకిలు చర్చలో శ్రీహరికోటను తలచుకోవడానికి మరో కారణం ఉంది. భారత అంతరిక్ష చరిత్రలో అందరూ గుర్తుపెట్టుకున్న ఛాయాచిత్రాలలో ఒకటి, 1960లలో కేరళలోని తుంబాలో రాకెట్ ముక్కుభాగాన్ని సైకిలు మీద తీసుకుపోతున్నది. తీసినవాడు ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్తియే బ్రెసాన్. దానికి జంటగా చెప్పుకునేది 1981లో ‘ఆపిల్’ ఉపగ్రహాన్ని ఎద్దులబండి మీద ఉంచిన చిత్రం. రెండింటినీ కలిపి ‘అప్పుడు సైకిలు, ఇప్పుడు చంద్రయానం’ అన్న ధోరణిలో చెప్పడం ఉపన్యాసాలలో ఆనవాయితీ అయింది. ఆ కథనంలో సైకిలు, ఎద్దులబండి దాటివచ్చిన పేదరికానికి గుర్తులు. ఎద్దులబండి విషయంలో ఇది పొరపాటు. ఉపగ్రహపు యాంటెనా పరీక్షకు లోహం అడ్డురాని వాహనం కావలసివచ్చింది, చెక్కబండి అందుకు సరిపోయింది. అది ఆలోచించి ఎంచుకున్న సాంకేతిక పరిష్కారం. సైకిలును వెనుకబాటుతనానికి ప్రతీకగా నిలిపిన ఈ కథనమే, రోడ్ల ప్రణాళికలో సైకిలుకు చోటు అడగడం వెనక్కి నడవడంలా వినిపించేటట్లు చేస్తున్నది.

6. ఎదురువాదం

సైకిలు బాటలను వ్యతిరేకించేవారి వాదాలను తేలికగా తీసివేయడానికి వీలులేదు. మన ఊళ్ళ రోడ్లు ఇరుకు. బాట గీస్తే మరునాడే అది పార్కింగు అవుతుంది, లేదా తోపుడుబండ్లకు చోటవుతుంది. ఢిల్లీలో 2008లో బస్సులకూ సైకిళ్ళకూ వేర్వేరు వరసలతో తెరిచిన మార్గాన్ని కార్ల వారి నిరసన వెంటాడింది. 2012లో హైకోర్టు దానికి అనుకూలంగా తీర్పు చెప్పినా, 2016లో తొలగించారు. వరంగల్ నగరం కేంద్ర ప్రభుత్వపు సైకిల్ సవాలులో ఎంపికైన 11 నగరాలలో నిలిచింది. ఇటువంటి పోటీలలో బహుమతి తరువాతి నిర్వహణే అసలు పరీక్ష.

‘ఇప్పుడు సైకిలు తొక్కేదెవరు?’ అన్నది వీటన్నిటికంటె బలమైన ప్రశ్న. 2011 జనగణన పనికి వెళ్ళే తీరును అడిగింది. వ్యవసాయం, కుటుంబ పరిశ్రమ కాక ఇతర పనులు చేసే సుమారు 20 కోట్ల మందిలో నడిచివెళ్ళేవారు 22 శాతానికి పైగా, సైకిలు మీద వెళ్ళేవారు 13 శాతం. మోటారు ద్విచక్రవాహనాల వాటా కూడా ఇంచుమించు అంతే. ఆ లెక్క పాతబడింది. వాయిదాల మీద మోటారు సైకిలు దొరికే కాలంలో సైకిలు వాటా తగ్గి ఉంటుందనడంలో సందేహం అక్కరలేదు. తాపీమేస్త్రి సైకిలు వదిలి మోటారు సైకిలు కొన్నాడంటే అందులో సుఖం ఉంది, మర్యాద ఉంది, సమయం కలిసిరావడం ఉంది. ఆయనను తిరిగి సైకిలెక్కమనే హక్కు కారులో వచ్చి ట్రాకు మీద తిరిగేవారికి లేదు. సైకిలు వాదులు ఈ మాటను ఎంత త్వరగా ఒప్పుకుంటే వారి వాదానికి అంత బలం.

కానీ ఆయన వదిలేయడంలో భయం వాటా ఎంత? ఈ ప్రశ్నను అడగకుండా, వాడేవారు తగ్గారు కనుక బాట అక్కరలేదని తేల్చడం, ఈదేవారు లేరు కనుక వంతెన అక్కరలేదన్నట్లు ఉంటుంది. నెదర్లాండ్స్ చరిత్ర ఇక్కడ పనికివస్తుంది. 1971లో ఆ చిన్నదేశంలో 3,300 మంది రోడ్ల మీద చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ‘పిల్లల హత్యలు ఆపండి’ అని ఉద్యమించారు. అక్కడి సైకిలు బాటల వెనుక ఆ కోపంతో పాటు 1973 నాటి చమురు సంక్షోభం కూడా ఉంది. మన దగ్గరకు వాటి చిత్రాలు వచ్చాయి కానీ, ఆ కోపం రాలేదు. ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నంత సేపు అది రాదు కూడా. వ్యాయామం మానుకున్నవాడు నష్టపోయేది తన ఆరోగ్యాన్నే, దానికి ప్రభుత్వాన్ని నిలదీయడు. బడికి వెళ్ళే దారిలో బిడ్డను పోగొట్టుకున్నవాడు నిలదీస్తాడు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు మీది చోటును వాహనాలకు కాక మనుషులకు పంచాలని కాగితం మీద ఎప్పుడో ఒప్పుకుంది. ఆ ‘మనుషులు’ అన్న మాటకు తెలుగులో ఎవరెవరు వస్తారన్నదే తేలలేదు.

విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలల తొమ్మిదవ తరగతి బాలికలకు ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్ళిచ్చారు. బీహారులో 2006లో మొదలైన ఇలాంటి పథకం బాలికల చేరికను గణనీయంగా పెంచిందని ఆర్థికశాస్త్ర అధ్యయనాలు చూపించాయి. ‘హెల్త్‌వే’ పక్కన పెట్టి చూస్తే ‘బడికొస్తా’ ఎంత మంచి పేరో తెలుస్తుంది. అందులో క్రియ ఉంది, గమ్యం ఉంది, వెళ్ళేదెవరో ఉంది, ఆ పిల్ల గొంతు కూడా ఉంది. అయితే సైకిలు ఇచ్చింది విద్యాశాఖ. దారి వేయవలసింది రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్, పురపాలక సంఘం. మొదటి శాఖ లెక్కలో ఆ బాలిక లబ్ధిదారు. మిగిలిన శాఖల వాహనాల లెక్కింపులో ఆమె ఏ గడిలో పడుతుందో వెతకవలసి ఉంది.